వంటింటి పక్క తలుపు

కుట్టు షాపు యజమానురాలికి, మా ఇంటి పెద్ద దిక్కుకి, మీ ఆయన రాయునది.

నేనిక్కడ కులాసా. నువ్వూ, అమ్మాయీ, అల్లుడూ, మనవరాలూ కులాసాగా ఉన్నారని నీ ఉత్తరంలో చదివాక మనసు కుదుటపడింది. మనవరాలికి ముందు పళ్ళు రెండూ ఊడాయని రాశావు. కొత్తవి వచ్చేలోపు ఒక ఫోటో తీసి పంపించు.

ఫోన్లో మాట్లాడుకుంటూనే ఉన్నాం కదా, మళ్ళీ ఈ కాగితాలెందుకని అనుకుంటావు. ఫోన్లో నువ్వు పది మాటలంటే నేను "ఊ" అంటాను, ఆ తరవాత "సరే, ఉంటాను" అంటాను. కాగితం ముందైతే నన్నెవరూ తొందరపెట్టరు. అందుకని నువ్వడిగినవాటికి వరసగా జవాబు రాస్తున్నాను.

మోకాలు పరవాలేదు. లిఫ్టు పనిచేయని రోజున మూడంతస్తులూ ఎక్కుతున్నాను. భోజనం వేళకే తింటున్నాను. వంట వచ్చేసింది గానీ, ఉప్పు వేశానో లేదో మరిచిపోయి రెండోసారి వేసే జబ్బు పోలేదు. చొక్కా గుండీలు నేనే కుట్టుకుంటున్నాను. నువ్వు చూస్తే నవ్వుతావు, అయినా ఊడిపోవడం లేదు. పని బాగానే వస్తోంది. పొద్దున్న ఆరింటికి లాప్‌టాప్ తెరిస్తే మధ్యాహ్నానికల్లా ఆ రోజు డ్రాయింగు పూర్తవుతుంది. సాయంత్రం చీకటిపడేదాకా వీధులు కొలవడమే పని. ఖర్చుల పద్దు ఏ రోజుకారోజు రాస్తూనే ఉన్నాను, ఆ విషయంలో బెంగపడకు.

"మనుషులతో మాట్లాడుతున్నారా, గోడలతోనేనా?" అని ఒకటి అడిగావు. "జీతం వదులుకున్నందుకు బాధేస్తోందా? నాకు నిజం కావాలి" అని చివర్లో ఇంకొకటి అడిగావు. రెండిటికీ జవాబు ఒకచోటే ఉంది. కొంచెం ఓపిక పట్టు.

దానికంటే ముందు ఒక మాట. ఇరవై మూడేళ్ళ ఉద్యోగం మానేసి, ఎక్కడుంటే అక్కడినుంచే డ్రాయింగులు గీసి పంపుతూ నాలుగు దేశాలు చూసొస్తానని నేను గొణిగిన రోజున, "బావగారికి బుర్ర గానీ తిరిగిందా?" అన్నాడు మీ అన్నయ్య. నువ్వు మిషను ఆపను కూడా ఆపలేదు. "ఇన్నేళ్ళూ ఎవరెవరి ఇళ్ళో గీశారు. ఒక్కదాని గుమ్మమైనా తొక్కారా? వెళ్ళి చూసి రండి. నేను మాత్రం షాపు వదిలి రాను, నన్ను పిలవకండి" అన్నావు. ఆ మాట నువ్వు అని ఉండకపోతే నేను ఇప్పటికీ ఆ కిటికీ లేని మూలలోనే కూర్చుని ఉండేవాణ్ణి. ఈ ఏడు నెలల్లో చూసినదంతా నీ చలవే. నోటితో ఎప్పుడూ చెప్పలేకపోయాను.

ఇప్పుడుంటున్న ఇంటి గురించి ఫోన్లో నీకు "గది బాగుంది" అని మాత్రమే చెప్పాను. ఇది ఆరంతస్తుల భవనం. అంతస్తుకి రెండిళ్ళు, ఎదురెదురుగా. మూడో అంతస్తులో కుడివైపు ఇంట్లో ఒక గది అద్దెకు తీసుకున్నాను. ఇంటావిడ బేకరీలో పనిచేస్తుంది. ఆవిడకు తోడు అత్తగారు. వాళ్ళ భాష నాకు అరకొరగానే వచ్చు. వాళ్ళన్నది మన మాటల్లో పెట్టి రాస్తున్నాను.

చేరిన రోజునే ఇంటావిడ చెప్పింది: "అన్నయ్యగారూ, మా ఇంట్లో ఒక్కటే కట్టుబాటు. బాత్రూంలోంచి బయటికొచ్చేముందు తలుపు లోపలినుంచి రెండుసార్లు కొట్టాలి."

"బయటినుంచి కదా కొట్టేది?" అన్నాను.

"లోకమంతా అంతే. ఈ భవనంలో కుడివైపు ఆరిళ్ళ వాళ్ళం మాత్రం లోపలినుంచి కొడతాం." చెయ్యి చాపి మణికట్టు మీద కాలిన మచ్చ చూపించింది. "వేణ్ణీళ్ళ గిన్నె పట్టుకుని వంటింట్లోంచి వస్తున్నాను. అదే క్షణంలో మా అత్తగారు బాత్రూం తలుపు తోశారు."

"నా మీదకి తోసెయ్యకే! తలుపుది తప్పు," అంది అత్తగారు గదిలోంచి. "వంటింటి గుమ్మానికి అడ్డంగా తెరుచుకునే తలుపు ఎక్కడైనా చూశావా అబ్బాయ్? గీసినవాడెవడో జన్మలో వంటింట్లోకి అడుగుపెట్టి ఉండడు."

"వాడింట్లోనూ ఇలాంటి తలుపే ఉండాలి. రోజూ నుదురు బొప్పి కట్టాలి," అంది కోడలు.

యాభై రెండేళ్ళ అబ్బాయిని, సంచి చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. గీసింది నేనే.

నీకు అర్థమయ్యేలా చెబుతాను. ఎడమవైపు ఇల్లు ఒకటి గీస్తే చాలు, కంప్యూటరు దాన్ని అద్దంలో చూపించినట్టు తిప్పి కుడివైపు ఇల్లు చేసి పెడుతుంది. గోడలు, కిటికీలు, పైపులు అన్నీ తిరిగాయి. బాత్రూం తలుపు మాత్రం విడిగా పెట్టిన బొమ్మ కావడంవల్ల తిరగలేదు. తలుపు తిరిగే బందులు గోడవైపు ఉండాల్సింది వంటింటివైపు ఉండిపోయాయి. ఇది పదకొండేళ్ళ కిందటి మాట, ఈ దేశపు కంపెనీ కోసం మా ఆఫీసులో గీసి పంపిన పని.

ఇందులో పొరపాటు వరకైతే ఎవరికైనా జరిగేదే. దాచింది అది కాదు. డ్రాయింగులు పంపిన మూడో రోజున నా కాపీ తిరగేస్తుంటే ఆ తలుపు కనబడింది. అప్పటికి పునాది కూడా తవ్వలేదు. మేనేజరు గదికెళ్ళి ఒక్క ముక్క చెబితే సరిపోయేది. కానీ పన్నెండేళ్ళు టెంపరరీగా చేశాక నన్ను పర్మనెంట్ చేయాలా వద్దా అని తేల్చే నెల అది. చుట్టూ ఉన్నవాళ్ళందరూ డిగ్రీలవాళ్ళు, నేను చూసి నేర్చుకున్నవాణ్ణి. "చదువు లేకపోతే ఇంతే మరి" అని ఎవరో ఒకరు అంటారని భయపడ్డాను. సైటులో ఎవరో సరిచేసుకుంటారులే అనుకుని ఫైలు మూసేశాను. నెలాఖరుకి పర్మనెంట్ చేశారు. ఆ రోజు నువ్వు షాపు మూసేసి, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ "మా ఆయన పర్మనెంటయ్యాడు" అని చెప్పి వచ్చావు. నేను తలొంచుకుని భోజనం చేశాను. బిడియం అనుకున్నావు.

ఆ మరుసటి ఏడే నువ్వొక పెళ్ళికూతురి జాకెట్టుకి రెండూ ఎడమ చేతులే కుట్టావు. తెలిసిన నిమిషంలో చెప్పులు కూడా తొడుక్కోకుండా వాళ్ళింటికి పరిగెత్తి, తిట్లన్నీ తిని, అక్కడే కూర్చుని విప్పి కుట్టి వచ్చావు. ఆ రోజే నీకు చెప్పేయాలనుకున్నాను. నువ్వు వదిలి వెళ్ళిన చెప్పులు తీసి లోపల పెట్టాను, అంతే.

లోకం చూడాలనే బయలుదేరాను, అది అబద్ధం కాదు. కానీ చివరికి వచ్చి నిలబడవలసిన చోటు ఇదేనని బయలుదేరిన రోజునే తెలుసు. ఆరు నెలలు చుట్టూ తిరిగాను. వచ్చాక కూడా ఇరవై ఆరు రోజులు తలుపు రెండుసార్లు కొడుతూ, వాళ్ళు గీసినవాణ్ణి తిడుతుంటే వింటూ గడిపాను.

పోయిన శనివారం పాత డ్రాయింగు ప్రింటు తీయించి, వాళ్ళ భోజనం బల్ల మీద పరిచాను. మూలన నా పొడి అక్షరాల మీద వేలు పెట్టి, "ఇది నేనే" అన్నాను. తెలిసీ ఊరుకున్నానని కూడా చెప్పాను.

అత్తగారు కళ్ళజోడు తెచ్చుకుని మరీ చూసింది. "అయితే ఇన్నాళ్ళూ మేం తిడుతుంటే బెల్లం కొట్టిన రాయిలా విన్నావన్నమాట!"

"విన్నానండీ."

"అన్నీనా?"

"అన్నీ."

ఆవిడకు నవ్వొచ్చింది. ఇంటావిడకు రాలేదు. మణికట్టు రెండో చేత్తో పట్టుకుని తన గదిలోకి వెళ్ళిపోయింది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. గది ఖాళీ చేయమంటుందని బట్టలు సర్దుకున్నాను. మూడో రోజు పొద్దున్న టీ గ్లాసు నా ముందు పెట్టి, "ఎలా బాగుచేస్తారు?" అంది.

"బందులు అటువైపుకి మారిస్తే చాలు, ఒక్క పూట పని."

"ఆ ముక్క మాకు తెలీదనుకున్నారా? అటు గోడలో నీళ్ళ పైపు ఉందట. మేకు దిగితే ఇల్లు చెరువవుతుందని ఏ వడ్రంగీ ముట్టుకోడు."

"లేదమ్మా. పైపు నాలుగడుగుల అవతల ఉంది. అదీ నేను గీసిందే."

వడ్రంగికి ఖర్చు నాదే అన్నాను. అతను వచ్చి, మొదటి మరమేకు నన్నే బిగించమన్నాడు, నీళ్ళు చిమ్మితే తన మీదకి రాకుండా. బిగించాను. గోడ పొడిగానే ఉంది. సాయంత్రానికి తలుపు అటువైపుకి తెరుచుకుంది. ఇంటావిడ ఖాళీ గిన్నె పట్టుకుని వంటింట్లోంచి హాల్లోకి నాలుగుసార్లు తిరిగింది.

మిగతా ఐదిళ్ళకి వెళ్ళాలన్నాను. "పదండి, నేనూ వస్తాను. మీరొక్కరే వెళ్తే గుమ్మంలో నిలబడి దగ్గి తిరిగొచ్చేస్తారు," అంది. నన్ను ఇంతలా తెలుసుకున్నది నీ తరవాత ఆవిడే. ఇప్పటికి నాలుగిళ్ళయ్యాయి. ఐదో అంతస్తు ఆయన నా మొహం మీదే తలుపు వేశాడు, మర్నాడు ఆయన భార్య కబురు పెట్టి పిలిచింది. ఒక్క ఇల్లు మిగిలింది.

మా పాత మేనేజరుకీ రాశాను. ఉద్యోగం మానేశాక కూడా నాకు పని ఇస్తున్నది ఆయనే కాబట్టి అది ఆగిపోవచ్చని తెలిసే రాశాను. నిన్న జవాబొచ్చింది. ఆయన రాసింది ఉన్నదున్నట్టు దించుతున్నాను: "ఆ డ్రాయింగు సరిచూసి సంతకం పెట్టింది నేను. పంపేశాక నాకూ కనబడింది. నువ్వొచ్చి చెబితే నేను పైవాళ్ళకి చెప్పాలి. నువ్వు రాకుండా ఉంటే బాగుండునని ఆ నెలంతా అనుకున్నాను. నువ్వు రాలేదు. అదే నమూనాతో తరవాత ఇంకో రెండు చోట్ల కట్టారు. అడ్రసులు పంపుతున్నాను. ఈసారి నేనూ వస్తాను."

పక్కపక్క గదుల్లో ఇన్నేళ్ళు కూర్చున్నాం. ఇద్దరం ఒకే తలుపు గురించి నోరు మూసుకున్నాం.

నువ్వడిగిన ప్రశ్నకి ఇదీ నా జవాబు. జీతం వదులుకున్నందుకు బాధ లేదు. దాని కోసం నీ దగ్గర కూడా దాచానే, అదే బాధ. నీ భర్త నువ్వు ఊరంతా చెప్పుకున్నంత వాడు కాడని తెలిసి నీ మనసు విరిగితే, ఆ మాట కూడా నాకు రాయి. ఆ రెండు అడ్రసులకీ వెళ్ళాలనే ఉంది, కానీ నీ జవాబు చూడకుండా ఇక్కడినుంచి కదలను. మెచ్చుకోనక్కర్లేదు. తిట్టినా సరే, నీ చేతి రాత వస్తే చాలు.

ఆరో అంతస్తువాళ్ళు రేపు పొద్దున్నే రమ్మన్నారు, వడ్రంగికి చెప్పి రావాలి. ఉంటాను.

ఇట్లు,
పదకొండేళ్ళు ఆలస్యంగా నోరు విప్పిన
మీ ఆయన