ప్యాకెట్ నలుపు

జనవరి 9

మా ఆవిడని ఇంటికి తీసుకొచ్చాం. రెండు నెలలకి దగ్గరగా ఆసుపత్రిలోనే గడిచింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట పోయింది. నోట్లోంచి ఒక శబ్దం మాత్రం వస్తుంది. అదేమిటో కళ్లు చూసి తెలుసుకోవాలి. కళ్లలోకి చూడటం నాకు మొదటినుంచీ చేతకాదు.

ఇంట్లో రోజూ ఫిజియోథెరపీ జరగాలన్నాడు డాక్టరు. ఇప్పుడు కదిలిస్తేనే కాలు కదులుతుందట. ఆలస్యమైతే కొయ్యబారిపోతుందట. ఇంక మంచమేనట.

జనవరి 12

ఫిజియో వచ్చాడు. వస్తాదులా ఉన్నాడు, గొంతు మాత్రం పిల్లికూన గొంతు. ఆవిడ తువ్వాలు తలమీదికి లాక్కుని గోడవైపు తిరిగిపోయింది. కాలు పట్టుకోబోతే ఎడం చేత్తో కొట్టింది. కాసేపు నిలబడి, రేపొస్తానని వెళ్లిపోయాడు.

జనవరి 15

మళ్లీ అంతే.

జనవరి 19

ఆవిడతో పనిచేసినవాళ్లు చూడటానికి వచ్చారు. బస్ స్టేషన్లో రిజర్వేషన్ కౌంటర్ ఆవిడదే. రిటైరయ్యేదాకా అదే కుర్చీ. వాళ్లకీ వీపే చూపించింది. నేను ఏం మాట్లాడాలో తెలియక మంచినీళ్లు ఇచ్చాను. తాగినవాళ్లకే మళ్లీ ఇచ్చాను.

మా అమ్మాయి సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి డాక్టరుకి ఫోన్ చేసింది. డిప్రెషన్ అన్నాడట. ఇంకో మాత్ర.

జనవరి 20, ఉదయం

రోజూ అమ్మాయి దువ్వేది. ఈరోజు దానికి తొందరని నేను దువ్వాను. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆవిడ జుట్టు ముట్టుకోవడం ఇదే మొదలు. పాపిట దగ్గర వేలెడు తెలుపు. ఆవిడకి తెల్లవెంట్రుక ఉందని నాకు ఇప్పటిదాకా తెలియదు. నా చూపు ఎక్కడుందో గమనించి ఎడం అరచేత్తో పాపిట మూసుకుంది.

అప్పుడు అర్థమైంది. దాచుకుంటున్నది కాలు కాదు, తల.

అమ్మాయితో చెప్పాను. ప్రాణం మీదికొచ్చి బయటపడిన మనిషికి జుట్టు గొడవేంటి నాన్నా అంది. కానీ కౌంటర్లో వాళ్లమ్మని అది చూడలేదు. క్యూలో ఎవడైనా గొంతు పెంచితే ఈవిడ తలెత్తి ఒక్కసారి చూసేది. వాడు నోట్లు సరిచేసుకుంటూ నిలబడేవాడు. ఆ తలతో బతికిన మనిషి.

జనవరి 22

షాపుకి వెళ్లాను. నెలకో ఆదివారం నన్ను సరుకులకి పంపి, తిరిగొచ్చేసరికి తలస్నానం చేసి కూర్చునేది. జుట్టు రంగు ప్యాకెట్ తెచ్చి ఇంట్లో వేసుకునేదన్నమాట, అంతే కదా అనుకున్నాను.

షాపువాడు ఎవరికి అన్నాడు. నాకే అన్నాను. ఎక్కడ కుదిరింది తాతా సంబంధం అన్నాడు. నా వెనకవాళ్లు నవ్వారు. బ్లాకా, నేచురల్ బ్లాకా, డార్క్ బ్రౌనా అని వరసగా పెట్టాడు. నలుపులో మళ్లీ రకాలేమిటి. ప్రింటింగ్ ప్రెస్సులో పనిచేసినన్నాళ్లూ నలుపంటే ఒక్కటే డబ్బా. నల్లగా ఉన్న ఆడమనిషి బొమ్మ చూసి తీసుకున్నాను.

జనవరి 24, సాయంత్రం

ప్యాకెట్ ఆవిడకి చూపించాను. కళ్లు మూసుకుంది. సరే అందనుకున్నాను.

దిండు వేసి కూర్చోబెట్టి, బ్రష్షుతో పట్టించాను. కాగితంలో అరగంట అని ఉంది. నేను మెషిన్ మనిషిని. సిరా ఆరకుండా కదిపిన షీటు అలుక్కుపోతుంది, పట్టు రావాలంటే ఆరనివ్వాలి. ఇదీ అంతేననుకున్నాను. గంటన్నర ఉంచాను. పైగా మంచి పని చేస్తున్నానని కూనిరాగం తీశాను.

కడిగితే నీళ్లు ఎంతకీ తేటపడలేదు. కాకి నలుపు వచ్చింది. నుదుటి మీద నలుపు. చెవుల మీద, దిండు మీద, నా గోళ్లలో నలుపు. ముఖం అలాగే ముడతలతో ఉంది, పైన ఎవరిదో జుట్టు తెచ్చి బోర్లించినట్టుంది.

అద్దం చూపించాను. చూపించకుండా ఉండాల్సింది. చాలాసేపు చూసుకుంది. ఆ శబ్దం వచ్చింది. ఈసారి కళ్లు చూడక్కర్లేకపోయింది.

జనవరి 25

చెవుల వెనక ఎర్రగా పొక్కింది. దురద. ఆ ఒక్క చేత్తోనే గోక్కుంటోంది. ముందు కాస్త రాసి రెండు రోజులు ఆగి చూడాలని కాగితం చివర చీమ తలకాయంత అక్షరాల్లో ఉందట. అమ్మాయి చదివి నా ముందు పడేసింది. నువ్వు అడగవు, చెప్పవు, చేసేస్తావు అంది. మందు రాసింది. ఏడుస్తూ రాసింది.

ఆవిడ రెండు పూటలా ముద్ద ముట్టలేదు.

ఫిజియో గుమ్మంలోనే నిలబడి చెప్పాడు. బలవంతంగా చేస్తే ఎముక విరుగుతుందట. వచ్చే వారం మొదట్లో ఒకసారి వచ్చి చూస్తాడట, అప్పుడూ ఇంతే అయితే ఈ టైము ఇంకో పేషెంటుకి ఇస్తాడట. ఆయన తప్పేం లేదు.

జనవరి 26

సిరా కిరసనాయిలుతో పోతుంది. ఆ ఆలోచన వచ్చింది. సీసా మూత తీసి గుడ్డ తడిపాను. గది దాకా వెళ్లాను. వాసనకి ఆవిడ ఇటు తిరిగి చూసింది. గుడ్డ పెరట్లో పారేసి అక్కడే కూర్చున్నాను. నాకు బుద్ధి కూడా పడిపోయినట్టుంది.

జనవరి 28

ఆవిడ ఫోన్ మోగింది. ఎవరో ఆడమనిషి. ఆంటీ రెండుసార్లు రాలేదు, ఊళ్లో లేరా, కుదుళ్లలో తెలుపు తేలిపోయుంటుంది అంది. పార్లర్ నుంచి అంది. భయమేసి పెట్టేశాను.

అయితే ఇంట్లో ప్యాకెట్ అన్నదే ఎప్పుడూ లేదు. నేను సరుకులకి వెళ్తే ఆవిడ అక్కడికి వెళ్లేది. ఆవిడ కళ్లు మూసుకున్నది సరే అని కాదు.

జనవరి 29

పార్లర్ మేడమీద ఉంది. మెట్ల మీదే చాలాసేపు నిలబడ్డాను. దిగిపోయాను. మళ్లీ ఎక్కాను. లోపల అందరూ ఆడవాళ్లే, రంగు పట్టడానికి తలలకి రేకులు చుట్టుకుని ఉన్నారు. పార్లరావిడకి మా అమ్మాయి వయసే ఉంటుంది. మా ఆవిడ పేరు చెప్పగానే చేతిలో బ్రష్షు పక్కన పెట్టింది.

జరిగిందంతా చెప్పాను. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ప్యాకెట్ నలుపు కుదురు నుంచి కొస దాకా ఒకటే నలుపు, ఏ మనిషి జుట్టూ అలా పుట్టదు అంది. ఆంటీకి తను మూడు రంగులు కలిపేదట. కణతల దగ్గర కావాలనే కొంచెం పల్చగా వదిలేదట. అందుకే ఎవరికీ తెలియలేదు. నాకూ తెలియలేదు.

అదే మళ్లీ వెయ్యమన్నాను. నలుపు మీద ఆ రంగు ఎక్కదట. ముందు బ్లీచుతో నలుపు తియ్యాలి. పొక్కుల మీద బ్లీచ్ వేస్తే తోలు ఊడుతుంది. పైగా బేసిన్ మీదికి మెడ వెనక్కి వాల్చి కూర్చోవాలి, స్ట్రోక్ వచ్చిన మనిషిని అలా వాల్చలేను అంది.

ఏదో ఒకటి చెయ్యమ్మా అన్నాను. రెండు చేతులూ పట్టుకున్నాను. రేకుల ఆడవాళ్లంతా చూస్తున్నారు. నా జన్మలో ఒకరిని ఒకటి అడగడం ఇదే మొదటిసారి.

అంకుల్, మీరూ నేనూ కాదు, ఆంటీని అడగాలి అంది.

జనవరి 30

పార్లరావిడ వచ్చింది. నన్ను పలకరించలేదు. మంచానికీ గోడకీ మధ్య సందులో ఒదిగి కింద కూర్చుంది. ఆవిడ గోడవైపే తిరిగి ఉంది కాబట్టి ఇద్దరూ ఎదురెదురయ్యారు.

ముందు నవ్వించాలని చూసింది. నన్ను వదిలి ఇంకో పార్లర్‌కి పోతారా ఆంటీ, అదీ మగాడి పార్లర్‌కి అంది. ఆవిడ నవ్వలేదు. కానీ తువ్వాలు తియ్యనిచ్చింది. పార్లరావిడ పొక్కులు చూసింది. తర్వాత ఉన్నదున్నట్టు చెప్పింది. ఇది తగ్గాలి, తర్వాత కొంచెం కొంచెంగా నలుపు తియ్యాలి, నెలలు పడుతుంది. లేదంటే కత్తిరించి మొదలుపెట్టాలి.

"ఇది మీ తల ఆంటీ. ఆగుదామా, తీసేద్దామా?"

ఆసుపత్రి నుంచి వచ్చాక ఆవిడని ఎవరైనా అడగడం చూడలేదు. నేను కూడా ప్యాకెట్ చూపించానే గాని అడగలేదు.

ఆవిడ ఎడం చేతి రెండు వేళ్లూ కత్తెరలా తెరిచి మూసింది. తెరిచి మూసింది.

వద్దు అన్నాను. ఆవిడ నావైపు చూసింది. కౌంటర్ చూపు. నోరు మూసుకుని వంటింట్లోకి వచ్చాను.

మెషిన్ చప్పుడు వినిపించింది. ఆగాక వెళ్లాను. నల్లదంతా న్యూస్‌పేపర్ మీద కుప్పగా ఉంది. తల మీద గోరంత తెలుపు. మా మామగారు మంచం మీద పడుకున్నట్టుంది. అద్దం ఇమ్మని చెయ్యి చాపింది. చూసుకుంది. ఏడవలేదు, నవ్వలేదు. అద్దం నా చేతికిచ్చి గోడవైపు తిరిగింది.

జనవరి 31

గోడవైపే.

ఫిబ్రవరి 1

రెండు ముద్దలు తింది. నా వైపు చూడలేదు. ఫిజియో రేపు ఆఖరిసారి వస్తానని ఫోన్ చేశాడు. ఆ మాట గోడకి చెప్పినట్టు చెప్పాను.

ఫిబ్రవరి 2

ఫిజియో వచ్చాడు. ఆవిడ తనంతట తానే ఇటు తిరిగింది. కాలు ఇచ్చింది. నన్ను మాత్రం బయటికి పొమ్మని చెయ్యి ఊపింది.

తలుపు బయట కూర్చుని రాస్తున్నాను. లోపల అరుస్తోంది. నొప్పో, కోపమో తెలియడం లేదు. ఫిజియో ఆపలేదు. నేనూ లేవలేదు.