ఆ పేరా తీయను

ఏప్రిల్ 6, ఆదివారం

మా స్విమ్మింగ్ క్లబ్ వెబ్‌సైట్ ఈరోజు నా నెత్తిన పడింది. కోచ్ జీవన్ కుమార్ పాస్‌వర్డ్ ఇస్తూ, మెడికల్ షాపులో కూర్చోనే ఉంటారు కదా యామిని మేడం, మీకైతే టైముంటాది అన్నాడు. షాపులో కూర్చున్నవాళ్లకు పనుండదని ఇతని నమ్మకం.

సైట్‌లో ఏముందని? టైమింగ్స్. మెడల్ వేసుకున్న ప్రెసిడెంట్ చెన్నయ్య గారి ఫొటో. అంతే. మార్కాపురంలో నలభై దాటాక, యాభై దాటాక నీళ్లలో దిగినవాళ్లం ఇంతమందిమి ఉన్నాం. ఒక్కరి మాటా లేదు.

రాయిస్తాను.

ఏప్రిల్ 9

ఎవరూ రాయరట. బ్యాంకులో పనిచేసే సుధారాణి, నాకు సంతకం తప్ప ఏం రాయను రాదక్కా అంది.

నరేష్ మాత్రం మధ్యాహ్నానికల్లా వాట్సాప్‌లో పంపాడు. ‘ఈత వలన పది ప్రయోజనాలు’. ఫోన్‌లో ఏఐ చేత రాయించాడని మొదటి లైన్‌లోనే తెలిసిపోయింది. వేయనన్నాను. మొగుడిదే వెయ్యకపోతే ఇంకెవురిది వేస్తావు అన్నాడు. మొదటిరోజు నువ్వు మెట్ల దగ్గర రాడ్ వదల్లేదు కదా, అది రాయి అన్నాను.

అలిగాడు.

ఏప్రిల్ 13

నూరున్నీసా ఆపా ఒప్పుకుంది! ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది, యాభై రెండేళ్లు, మా లేడీస్ బ్యాచ్‌లో అందరికంటే పెద్దది. నాతో ఎట్ల చెప్తావో అట్లే రాయి అన్నాను. తప్పులు పోతే ఎట్లమ్మా అంది. పోనీలే అన్నాను. ఎవురన్నా నవ్వితే? నవ్వినోళ్లను నా షాపుకు పంపు అన్నాను.

ఏప్రిల్ 17

వచ్చింది. చేత్తో రాసి ఫొటో తీసి పంపింది. షాపులో నిలబడి చదివాను, మళ్లీ కూర్చుని చదివాను.

మోకాళ్ల నొప్పికి డాక్టర్ ఈత చెప్పడం, భర్త వారం రోజులు మాట్లాడకపోవడం, ఒళ్లంతా కప్పే సూట్ తనే కుట్టుకోవడం. కాళ్లు నేల వదిలిన మొదటి క్షణంలో ఇంట్లో ఒక్కరు కూడా గుర్తు రాలేదని రాసింది. ఈ మాట నేనెందుకు రాయలేకపోయాను?

చివరి పేరా ఇది: ‘మా టైము ఆరున్నర దాకా. తర్వాత టైము జెంట్స్‌ది, వాళ్లు ముందే వచ్చి కంచె పట్టుకొని నిలబడతారు. వాళ్లు కదిలేదాకా మేం నీళ్లలోనే వణుకుతా ఉండాల. మేమేం సినిమా కాదు.’

ఒక్క అక్షరం దిద్దలేదు. వేసేశాను.

ఏప్రిల్ 18

చెన్నయ్య గారి ఫోన్. ఆ లాస్ట్ పేరా తీసెయ్ అమ్మా, క్లబ్బు పరువు పోతాది అన్నారు. అబద్ధమా సార్ అని అడిగాను. అబద్ధమని కాదు, ఊరంతా చదివే దాంట్లో ఏంది అది అన్నారు.

తీయనన్నాను. ఫోన్ పెట్టేశాను. కొనకనమిట్ల నుంచి వచ్చిన ఒక పెద్దమ్మ మాత్రలు అడిగితే సిరప్ ఇచ్చాను. అయినా తీయను.

ఏప్రిల్ 19

షాపు ముందు మహబూబ్ బాషా బండి ఆగింది. ఆపా భర్త, పరుపుల దుకాణం ఆయనది. తీసేయమంటాడనుకున్నాను. ఏం చెప్పాలో లోపలే సర్దుకున్నాను.

వారం మాట్లాడలేదని రాసింది, తప్పు, రెండు వారాలు మాట్లాడలేదు నేను, అది దిద్దండి అన్నాడు. బండి స్టార్ట్ చేశాక, మిగతాదంతా అట్లే ఉండనీ చెల్లెమ్మా, ఎవురు చెప్పినా తీయొద్దు అని వెళ్లిపోయాడు.

ఏప్రిల్ 20

పేరా లేదు. నా పాస్‌వర్డ్ పనిచేయడం లేదు.

ఏప్రిల్ 21

నువ్వూ కంచె దగ్గర నిలబడతావా అని నరేష్‌ను అడిగాను. అందరూ నిలబడినారు, నేనూ నిలబడినా, టీ తాగేదానికి అన్నాడు. టీ బంకు రోడ్డుకు అవతల ఉంది. ఆ ముక్క ఇద్దరికీ తెలుసు.

కంచం ముందు పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. నేను తినేశాను.

ఏప్రిల్ 27, ఆదివారం

క్లబ్ మీటింగ్. వెబ్‌సైట్ గురించి రెండు ముక్కలు చెప్పమన్నారు. ఫోన్ తీసి ఆ పేరానే చదివాను. చెన్నయ్య గారు మైక్ ఆపించారు. మా నాయన స్లేటు ఫ్యాక్టరీలో కోత మిషన్ల మీదుగా అరిచి మాట్లాడేవాడు. నాదీ ఆ గొంతే. మైక్ లేకుండా మళ్లీ మొదటినుంచి చదివాను.

జెంట్స్ వరసలో ఒక్కరు కదల్లేదు. ఆపా తల వంచుకుని కూర్చుంది, భయపడిందేమో అనుకున్నాను. అప్పుడు సుధారాణి లేచింది. అది నా మాట కూడా, ఆపా పేరు కింద నా పేరు కూడా వెయ్యక్కా అంది. ఆమె వెనక ఇంకొకరు లేచారు. తర్వాత లెక్క తెలియలేదు. అటు తిరిగి చూస్తే ఆపా కూడా నిలబడి ఉంది.

జీవన్ కుమార్ కొత్త పాస్‌వర్డ్ అందరి ముందే గట్టిగా చదివి చెప్పాడు. నా ఉద్యోగం పోతే మీ షాపులో పెట్టుకోవాల మేడం అన్నాడు. చెన్నయ్య గారు టీ కూడా తాగకుండా వెళ్లిపోయారు.

మే 1

పేరా మళ్లీ సైట్‌లో ఉంది. వ్యాసాలు వస్తూనే ఉన్నాయి. సంతకం తప్ప ఏం రాదన్న సుధారాణి ఆపకుండా రాస్తోంది.

సాయంత్రం నరేష్ ఒక మెసేజ్ పంపాడు. ‘నేనూ కంచె దగ్గర నిలబడేవాణ్ణి. టీ కోసం కాదు. ఆ నీళ్లలో నా భార్య కూడా ఉంటుందని ఆలోచించలేదు. ఇకమీదట నిలబడను.’

భార్య లేకపోతే నిలబడొచ్చా అని అడిగాను.

పక్క గదిలోనే ఉన్నాడు. కాసేపటికి అదే మెసేజ్ మళ్లీ పంపాడు. నా భార్య అన్న మూడో వాక్యం లేదు.

సైట్‌లో వేశాను.

మే 4, ఆదివారం

ఈరోజు ఈదుతున్నంతసేపూ కంచె వైపు చూడలేదు. ఎవరైనా ఉన్నారో లేదో నాకు తెలియదు.