వీపు వెనక కనిపించని స్క్రీన్

ప్రవీణా,

జగిత్యాలకు నువ్వొక్కదానివే పోయి కొత్త ల్యాప్‌టాప్ తీసుకురా. గ్లాసీ స్క్రీన్‌లో రంగులు మెరుస్తాయని షాపతను అంటాడు. వినకు, నీడలు కనిపించని మ్యాట్‌దే అడుగు.

నీకు చెప్పినట్టు నా చెయ్యి విరిగింది నేను బాత్రూంలో జారిపడి కాదు. నిన్న నువ్వు కాలేజీకి పోయాక, సిరిసిల్ల మగ్గాలకు పంపాల్సిన చీర అంచు డిజైన్ గీస్తున్నాను. స్క్రీన్ ఒక్క క్షణం నల్లబడింది. ఆ నలుపులో, నా వెనక, మీ అన్న ఇనుప రాడ్ ఎత్తి కనిపించాడు. పక్కకు దొర్లాను. మొదటి దెబ్బకు ల్యాప్‌టాప్ పగిలింది, రెండోది నా చేతి మీద పడింది. "సిరిసిల్ల సేట్లతోని ఫోన్ల ఏం ముచ్చట్లే నీకు?" అని అరుస్తూ మళ్లీ ఎత్తాడు. చేతికందిన కత్తెరతో అతని తొడలో పొడిచాను. అప్పుడుగాని పారిపోలేదు.

గ్లాసీ స్క్రీనే నన్ను బతికించింది, నిజమే. కానీ మూడేళ్లుగా అందులో డిజైన్ కంటే ఎక్కువ నా వీపు వెనకే చూశాను. ఇక చూడలేను.

అత్తమ్మ గడపలో నిలబడి అంతా చూసింది. కేసు పెట్టడానికి నేను వెనకాడితే, "వాన్ని కన్నది నేనే, సాక్ష్యం చెప్పేది గూడ నేనే. నడువ్ బిడ్డా" అన్నది. ఇద్దరం స్టేషన్‌కు పోతున్నాం.

మీ అన్న మెట్‌పల్లిలో దోస్తు ఇంట్లో ఉన్నాడట. వస్తే తలుపు తియ్యకు.

నవత

ఎడమ చేత్తో రాశాను, అక్షరాలు కూడబలుక్కో. అన్నం అత్తమ్మ వండింది, ఏడుస్తూనే వండింది. తినకుండా పోకు.