స్ప్రేయరుకు కట్టిన సూది

తమ్ముడు జక్రయ్యకు,

ఇక్కడ మేము క్షేమం. అలా రాయడం అలవాటు కాబట్టి రాస్తున్నాను.

నీ ఉత్తరం అందింది. దర్శిలో కూడా పత్తికి తెల్లదోమ పట్టిందని, మా ఏసుపాదం వాడిన ఇంజను స్ప్రేయరు పంపమని అడిగావు. అందులో మొహమాటం ఎందుకు? కొడుకు పోయాక అది చూరు కింద ఊరికే పడుంది.

పాత మిషను కదా, పంపేముందు మొత్తం విప్పాను. పిస్టన్ రింగులు అరిగిపోతే మార్చాను. సైలెన్సరులో మసి గీకాను. శబ్దం సమంగా వచ్చేదాకా కార్బొరేటరు స్క్రూ అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నాను. ఇప్పుడు తాడు ఒక్కసారి లాగితే అందుకుంటోంది. మొదటిసారి మోగగానే లోపల్నుంచి మీ వదిన, "వాణ్ణి అన్నానికి రమ్మనయ్యా" అంది. నేను ఇంజను ఆపేశాను.

వాడి మట్టికి వచ్చినప్పుడు ఎలా పోయాడని నువ్వు అడగలేదు, నేనూ చెప్పలేదు. ఆ రోజు మిరప చేలో మందు కొడుతుంటే నాజిల్ అడ్డుపడింది. వాడు దాన్ని విప్పి నోటితో ఊదాడు. మనందరం చేసే పనే. మళ్లీ మిషను వీపుకెత్తుకుని ఆ సాలు పూర్తి చేశాడు. తర్వాత గట్టు మీద కూలబడి ఇక లేవలేదు.

ట్యాంకు పిడికి దారంతో ఒక సూది కట్టి ఉంటుంది. మీ వదిన కట్టింది. నాజిల్ అడ్డుపడితే దాంతోనే పొడువు. నోరు పెట్టకు.

మిషను తిరిగి పంపనక్కర్లేదు. సూది పోతే మాత్రం వెంటనే రాయి, మీ వదిన ఇంకొకటి ఇస్తుంది.

మీ అన్న