వెనక్కి లాగే చెయ్యి

మెథ్వెన్,
1974 మార్చి 21.

హేమిష్‌కి,

ఇక్కడ మేమందరం క్షేమం, అక్కడ నువ్వూ క్షేమమని తలుస్తాను అని మొదలుపెట్టడం మనింటి అలవాటు. ఈసారి అందులో మొదటి సగం రాయలేను. రెండో సగం రాయక్కర్లేదు. లింజ్‌లో మంచు కరిగిందనీ, డాన్యూబ్ కనిపించే గది ఇచ్చారనీ, రొట్టె మాత్రం రాయిలా ఉందనీ నువ్వే రాశావు. క్షేమంగానే ఉన్నావు.

నీ ఉత్తరం సోమవారం అందింది. అత్తయ్య చదివి వినిపించమంటే సగం చదివి, తలనొప్పిగా ఉందని చెప్పి లేచిపోయాను. నువ్వు అడిగినవాటికి ముందు జవాబులు రాస్తాను.

వర్క్‌షాపు కప్పు కారడం లేదు. పెరట్లో ఆపిల్ కాయలు వాయవ్య గాలికి సగం రాలిపోయాయి, అత్తయ్య వాటితో జామ్ కాస్తోంది. కుక్కకి కాలి పుండు మానింది. పత్రికవాళ్ళు ఫొటోలు తీసుకోవడానికి ఇంకా రాలేదు. వస్తే గేటు దగ్గరనుంచే పంపించేస్తాను. ఇక చివర్న, 'రోరీ నదిలో కోతివేషాలు వెయ్యకుండా ఓ కంట కనిపెట్టు' అన్నావు. వెయ్యడు. రోరీకి ఎడమ కాలు మోకాలి కింద తీసేశారు.

అవును, నీ తమ్ముడికే. ప్రాణానికి భయం లేదు. క్రైస్ట్‌చర్చ్ ఆసుపత్రిలో ఉన్నాడు. నీకు వెంటనే చెప్పకపోవడానికి కారణం నిన్ను కంగారుపెట్టకూడదని కాదు. నాకు అంత మంచితనం లేదిప్పుడు. నీతో ఫోనులో మాట్లాడితే అరుపులు తప్ప ఏమీ వచ్చేవి కావు. కాగితం మీదయితే నువ్వు మధ్యలో అడ్డురాలేవు.

నువ్వు ఆ ఒంటి పిడి బిగించిన రోజు గుర్తు తెచ్చుకో. అంతకుముందు మన పడవల్లో ఇంజనుకి కాలి కింద పెడలు, వెనక్కి నడపడానికి చేతి దగ్గర వేరే పిడి ఉండేవి. నువ్వు రెండూ కలిపి ఒక్కటి చేశావు. ముందుకు తోస్తే పోతుంది, వెనక్కి లాగితే ఆగి వెనక్కి నడుస్తుంది. లింజ్‌లో వరద సాయానికి పరుగెత్తుకొచ్చే రొట్టెలవాడూ బడిపంతులూ కూడా నడపగలగాలి అన్నావు. నీ ఉద్దేశం మంచిదే. అది నేనెప్పుడూ కాదనలేదు.

"భయపడ్డవాడు ఏం చేస్తాడు హేమిష్?" అని అడిగాను.

"లాగుతాడు. లాగితే ఆగుతుంది. అందుకేగా చేసింది!"

"ఆగేలోపు?"

"ఆగేలోపు ఓ రెప్పపాటు."

"ఆ రెప్పపాటులో ఇంజను జోరు పడిపోతుంది. నీళ్ళు చిమ్మడం ఆగిపోతుంది. నీళ్ళు చిమ్మకపోతే పడవ తిరిగేది దేనితో, నీ మీసాలతోనా?"

రోరీ పడీ పడీ నవ్వాడు. నువ్వు నవ్వలేదు. "నీకు ఎక్కడ చూసినా శవాలే కనిపిస్తాయి ఐలా. మనుషులకి నేర్పిస్తాం కదా" అన్నావు.

మన పడవకి చుక్కాని లేదని నీకు నేను చెప్పాలా? వెనకనుంచి చిమ్మే నీటి ధారని పక్కకి తిప్పితేనే పడవ తిరుగుతుంది. ధార ఆగిందా, స్టీరింగు ఎంత తిప్పినా పిల్లల బొమ్మకారులో చక్రం తిప్పినట్టే. అందుకే మనం కొత్తవాళ్ళకి నేర్పే మొదటి మాట: ప్రమాదం కనిపిస్తే కాలు తియ్యకు, ఇంకా తొక్కు. అది ఒంటికి నచ్చని మాట. కాలికి నేర్పడమే కష్టం. నువ్వు దాన్ని చేతిలో పెట్టావు. భయపడ్డ చెయ్యి ఏదైనా గుండెలవైపే లాక్కుంటుంది.

పోయిన శనివారం పొద్దున రోరీ, నేనూ వంతెన దగ్గర పడవ దింపి, నది ఇరుకుగా పారే కనుమ దాటి పైకి వెళ్ళాం. నువ్వు చెప్పినట్టే, పిడికి వేసిన కొత్త కేబుళ్ళు సాగాయేమో చూడ్డానికి. రకాయా నదిలో నీళ్ళు తీసి ఉన్నాయి, పాయలు సన్నబడ్డాయి. తిరుగుదారిలో రోరీ నడుపుతున్నాడు. కోతివేషాలు ఏమీ వెయ్యలేదు. అది నువ్వు నమ్మాలి. కుదురుగా, ఎడమ పాయలో వస్తున్నాడు. మలుపు తిరిగేసరికి నడుములోతు నీళ్ళలో ఒక మనిషి. సాల్మన్ చేపల కోసం గాలం వేసుకుని, మాకు వీపుపెట్టి నిలబడి ఉన్నాడు.

రోరీ లాగాడు.

పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ ఈ నదిలో పడవ నడుపుతున్నవాడు, కొత్తవాళ్ళకి 'తొక్కు, తొక్కు' అని గొంతు చించుకుని నేర్పేవాడు, మనిషిని చూడగానే లాగాడు. ఇంజను మూగబోయింది. స్టీరింగు కుడికి మొత్తం తిప్పేశాడు. పడవ ఆ మనిషి మీదికే తిన్నగా, చప్పుడు లేకుండా జారుకుంటూ పోయింది. హేమిష్, ఆ నిశ్శబ్దం నీకు తెలియదు. నీకు తెలియదనే అప్పుడు అనుకున్నాను.

చివరి క్షణంలో బకెట్, అదే ధారని వెనక్కి మళ్ళించే ఆ ఇనప డొప్ప, ధారకి అడ్డంగా దిగి ఇంజను వెనక్కి గుంజింది. పడవ గిర్రున తిరిగింది. ఆ మనిషి గాలం కర్ర విరిగింది, అతనికి గోరంత గాయం కాలేదు. పడవ వెనక భాగం మాత్రం బండకి కొట్టుకుంది. రోరీ ఎగిరి బయటపడ్డాడు. పడవ మళ్ళీ ఊగి బండమీదికి వచ్చేసరికి వాడి కాలు మధ్యలో ఉంది.

ఆ జాలరి పేరు ప్రింగిల్ అట. ముందు తిట్లు లంకించుకున్నాడు. "కళ్ళు ఎక్కడ పెట్టుకు నడుపుతున్నారే! ఇది నదా, మీ తాతగారి గుర్రప్పందెమా?" అంటూనే రోరీ కాలు చూశాడు. తన నడుము బెల్టు తీసి, నేను చెప్పినచోట బిగించాడు. ఇద్దరం కలిసి వాణ్ణి పడవలోకి ఎక్కించాం. 'మీరూ రండి' అంటే, "ఆ పిశాచంలోకా? నేను గట్టెక్కి పొలాలకడ్డంపడి పోయి ఎవరింట్లోనైనా ఫోను చేస్తానమ్మా" అని ఏడుస్తూ పరుగెత్తాడు.

బకెట్ విరిగి వేలాడుతోంది. అంటే ఇక ఆపడం లేదు, వెనక్కి నడపడం లేదు. దానితో పాటే నీ ఒంటి పిడి లోపల ఇరుక్కుపోయి కదలడం లేదు. నేను దాన్ని సుత్తితో కొట్టి ఊడదీశాను. ఇంజను వైరు బయటికి లాగి, నా బూటుకి చుట్టి ముడేశాను. కాలు ముందుకు చాపితే ఇంజను లేస్తుంది. నువ్వు తీసేసిన పెడలునే వైరుముక్కతో మళ్ళీ చేసుకున్నాను.

అప్పుడే రోరీ మాట్లాడాడు. పడవ అడుగున పడుకుని, పెదవులు తెల్లబడిపోయి, నా ప్యాంటు అంచు పట్టుకుని.

"వదినా, అన్నయ్యకి చెప్పాను. పోయిన వసంతంలోనే చెప్పాను. అప్పుడు కూడా ఇట్లాగే జారింది. మేమిద్దరం ఇసుకతిన్నె మీదికెక్కేశాం."

"ఎవరిద్దరు?"

"నేనూ, అన్నయ్యా. పిడి పట్టుకున్నది అన్నయ్యే. నీకు చెప్పొద్దన్నాడు. చెబితే వదిన పడవని లింజ్ పంపనివ్వదు అన్నాడు."

నాకు ఏడుపు రాలేదు. చల్లటి కోపం వచ్చింది. అరికాలిదాకా దిగింది. ఆ కోపంతోనే కాలు చాపాను.

కనుమలో నీళ్ళు ఎంత తోస్తాయో నీకు తెలుసు. బకెట్ లేదు. నెమ్మదిగా పోదామంటే తిరగదు. తిరగాలంటే వేగంగా పోవాలి. మొదటి బండ దగ్గర నా ఒళ్ళంతా కాలు వెనక్కి తీసుకోమంది. రోరీ అడుగునుంచి అరిచాడు: "తొక్కు వదినా! తీశావంటే చచ్చాం, తొక్కు!" తొక్కాను. గోడలాంటి రాయి మీదికి పూర్తి జోరుతో పోయి, ఆఖర్న స్టీరింగు తిప్పితే పడవ విదిలించుకుని పక్కకి తప్పుకుంది. అలా ప్రతి మలుపూ. మధ్యలో రోరీ అరవడం మానేశాడు. వాడు బతికున్నాడో లేదో వెనక్కి తిరిగి చూసే వీలు లేదు. నేనే బిగ్గరగా తిట్టడం మొదలుపెట్టాను. నిన్నే హేమిష్. నాకు వచ్చిన బూతులన్నీ అయిపోయి, మీ నాన్న గొర్రెల్ని తిట్టేవి కూడా వాడాను. తర్వాత వాడు చెప్పాడు, ఆ తిట్లు వినపడుతుంటేనే తెలివి నిలిచిందట.

వంతెన దగ్గర ఆపడానికి దారిలేక, గులకరాళ్ళ ఒడ్డు మీదికి అలాగే ఎక్కించేశాను. పడవ అడుగు చీరుకుపోయింది. మన తమాతి తన గొర్రెల లారీ కడుగుతున్నాడు అక్కడ. రోరీని పసిపిల్లాణ్ణి ఎత్తినట్టు ఎత్తి ముందు సీట్లో పడుకోబెట్టాడు. దారంతా వాడితో తన మావోరీ భాషలో ఏదో మాట్లాడుతూనే ఉన్నాడు. రోరీకి అందులో ఒక్క ముక్క రాదు, అయినా ఊఁ కొడుతూనే ఉన్నాడు.

డాక్టర్లు కాలు నిలపడానికి చూశారు. కుదరలేదు. మొన్న వాడు లేచి కూర్చుని, "ఇకమీద సాక్సు సగం ఖర్చే వదినా" అన్నాడు. నర్సు నవ్వింది. నేను బయటికొచ్చి గోడని తన్నాను. నీ మీద వాడికి కోపం లేదట. "అన్నయ్య తర్వాత సరిచేస్తాననే అన్నాడు" అని నన్నే సముదాయిస్తున్నాడు. వాడి వాటా కోపం కూడా నేనే మోస్తున్నాను.

నువ్వు తప్పు చేసినందుకు కాదు నా కోపం. మనిద్దరం చేసిన పడవల్లో ఎన్ని తప్పులు లేవు? నేను గీసిన మొదటి నాజిల్, ఆ ధార చిమ్మే మూతి, పడవని గిరగిరా తిప్పితే ఇద్దరం ఒడ్డున కూర్చుని కడుపు చెక్కలయ్యేలా నవ్వాం. ఇది వేరు. నేను అడిగిన ప్రశ్నకి జవాబు నీ చేతికే తెలిసింది. తెలిసి, నా ముందు టీ తాగుతూ, శవాలు లెక్కపెట్టే మనిషినని ఆ తర్వాత కూడా నన్ను వెక్కిరించావు. నీ తమ్ముడి నోరు మూయించావు. ఆ పిడిమీదే వాణ్ణి మళ్ళీ కూర్చోబెట్టి, పెట్టె సర్దుకుని వెళ్ళావు.

లింజ్‌లో వరదొస్తే వాళ్ళు పడవ నడిపేది ఖాళీ నదిలో కాదు. వీధుల్లో. నీళ్ళలో మనుషులు చేతులు చాపి ఉంటారు. అడుగున ఒళ్ళు కోసే ప్రొపెల్లరు లేదు కనుక మనిషి పక్కకి నిర్భయంగా పోవచ్చని కదా నువ్వు వాళ్ళకి చెబుతున్నది? ఆ రొట్టెలవాడు మనిషిని చూస్తాడు. లాగుతాడు.

ఇంతసేపూ రాయకుండా ఆపుకున్నది ఒకటుంది. ఈ ఉత్తరం నీకు చేరేసరికి అది నీకు తెలిసిపోయి కూడా ఉంటుంది. నిన్న పొద్దున తపాలా ఆఫీసుకి వెళ్ళి, అక్కడి సహాయ సంఘం పెద్ద లాంగెగ్గర్‌గారికి తంతి ఇచ్చాను. 'పిడి వెనక్కి లాగితే పడవ తిరగదు. ఇక్కడ మనిషి కాలు పోయింది. దయచేసి నడపవద్దు' అని. కింద నా పేరు పెట్టి, భాగస్వామి అని రాశాను. నిన్ను అడగలేదు. అడిగితే నువ్వు నాలుగు రోజులు ఆగమనేవాడివి, నేను ఆగేదాన్నేమో. నీ మాటకి నేను లొంగుతానని నాకు తెలుసు. అందుకే అడగలేదు. ఇంతకాలం చేసిన పని ఇక్కడితో పోవచ్చు. వర్క్‌షాపు మూతపడవచ్చు. ఆ ఊళ్ళో పదిమంది ముందు నీ ముఖం ఎలా ఉంటుందో ఊహించుకున్నాను. నాకు జాలి వేసింది. అయినా ఇచ్చాను.

వాళ్ళు నిన్ను అడుగుతారు. వసంతం సంగతి కూడా చెప్పు. నేను అది తంతిలో రాయలేదు.

అత్తయ్యకీ చెప్పలేదు. ఆవిడ రోజూ ఆసుపత్రినుంచి రాగానే టోపీ తియ్యకుండానే అడుగుతోంది: "హేమిష్‌కి ఇది ముందే తెలుసా ఐలా?" నేను గిన్నెలు కడుగుతూ, "మీ అబ్బాయినే అడగండి అత్తయ్యా" అంటున్నాను. అబద్ధం చెప్పను, నీ బదులు నిజమూ చెప్పను. ఆవిడ రెండురోజులుగా కుర్చీ తెచ్చి హాల్లో ఫోను పక్కన వేసుకుంది. అల్లిక చేతిలో ఉంటుంది కానీ ఒక్క వరస కూడా సాగడం లేదు.

ఫోను మోగితే నేను తియ్యను. ఆవిడే తీస్తుంది.

ఇట్లు,
కోపం తగ్గని నీ భార్య,
ఐలా