కీబోర్డు లేని రికార్డు మీద నా ఆఖరి మాట

సిరిసిల్లల మరమగ్గాలు నడిపే కొమురయ్య కొడుకు ధనుంజయ్ అనే నేను, వయసు ఇరవై తొమ్మిది, వచ్చే మంగళవారం గుండె ఆపరేషన్‌కు పోతున్న. డాక్టరు గ్యారంటీ చెప్పలే. మతి నిమ్మళంగనే ఉన్నది, కోపమే తగ్గలే. ఎవ్వల బలవంతం లేకుండ రాస్తున్న.

1. ఈ వీలునామా అమలు చేసే బాధ్యత నా చెల్లె సుస్మితది. నా బండి, టీవీ ఆమెకే. "గా ముసలాయన ఎనుక ఎన్నేండ్లు తిరుగుతవ్ అన్నా" అని తిట్టేది. తిట్టనియ్యి, హక్కున్నది.

2. ముసలాయనంటే బషీర్ ఉస్తాద్. సాక్సాఫోన్ మీద పెండ్లిళ్ళల్ల సినిమా పాటలు, ఇంట్ల జాజ్. తొమ్మిదేండ్లు ఆయన ఎనుక కీబోర్డు నాదే, ఎవ్వలు నేర్పకుండ నేర్చుకున్న. పోయిన నెల జగిత్యాలల జాజ్ రికార్డు చేసిండు. ఆయన, బేస్ గిటార్ మీద యాసర్, డ్రమ్ముల మీద దావీదు. ముగ్గురే. ఎందుకని అడిగితే, "బేటా, నీ కీబోర్డు నాకు తొవ్వ చూపెడ్తది. గీసారి తప్పిపోవాలని ఉన్నది" అన్నడు. తప్పిపోను వాళ్ళిద్దరు కావాల్నా?

3. ఉస్తాద్‌కు దమ్ము తక్కువ. పొడుగు స్వరం మీద ఊపిరి తెగుతది. తెగే ముందే నేను రెండు చేతులతోని మీటలు నొక్కి గా సందు నింపేటోన్ని. పెండ్లోళ్ళకు ఒక్కనాడు తెల్వలే. రికార్డుల మూడో పాటకాడ తెగింది. వాళ్ళిద్దరు గా సందును కప్పలే, ఊకున్నరు. నేను దాచిందంత లోకం విన్నది. పదిసార్లు విన్న. పాటంతట్ల గక్కడనే మంచిగున్నది. గదే నన్ను కాల్చుతున్నది.

4. నా కీబోర్డు ఉస్తాద్‌కు. మీద బట్ట తియ్యొద్దు, దాని ముంగట ఎవ్వల్ని కూసోబెట్టొద్దు. సాధన చేసేటప్పుడు ఎదురుంగ కనవడాలె. సలికి నా మఫ్లర్ గూడ ఆయనకే. ఉస్తాద్ బిడ్డ నాహీద్ ఆపా సేమియా పంపిన గిన్నె నా తాన ఉన్నది. సకినాలు పోసి వాపస్ ఇయ్యాలె. ఉత్త గిన్నె పంపుడు మా ఇంట్ల లేదు.

5. వీలునామాల ఏమన్న వచ్చేటోడు సాక్షిగ ఉండొద్దని దస్తావేజులు రాసే భూమన్న చెప్పిండు. అందుకే యాసర్‌ను, దావీదును పిలిచి సాక్షి సంతకాలు పెట్టించిన. యాసర్ చదివి, "భాయ్, ఆపరేషన్ గుండెకు కాదు, నీ కడుపుమంటకు చేపియ్యి" అన్నడు. నవ్వొచ్చింది. అయినా ఏమియ్య.

6. నేను సచ్చిపోతే బ్యాండు పెట్టొద్దు. యాసర్, దావీదు పాడె మోస్తే మోయనియ్యుండ్రి, వాయించొద్దు. ఉస్తాద్ ఒక్కడే వాయించాలె. ఊపిరి తెగితే తెగనియ్యుండ్రి. తెగినకాడ ఎవ్వలు ఏం కప్పొద్దు. గా జాగ నాది.

సిరిసిల్ల, 14 నవంబరు 2025
(సంతకం) ధనుంజయ్

సాక్షులు:
యాసర్, కోరుట్ల
దావీదు, జగిత్యాల