కోడిపిల్ల పేరా

ప్రియమైన చెల్లీ,

కోపంగానే రాస్తున్నాను, ఓపికుంటే చదువు. నిన్న మీ ఆఫీసాయన వచ్చి మా ఐదో తరగతికి చదివే పరీక్ష పెట్టాడు. ఏటా ఇచ్చే ఆ కోడిపిల్ల పేరానే. చివరి బెంచీలో కూర్చునే బక్కపిల్ల ఉంది, గువ్వ అని పిలుస్తాం. గడగడా చదివేసింది, కాగితం తలకిందులుగా పట్టుకుని! ఆయన తలెత్తకుండా టిక్కు పెట్టుకుని పోయాడు. దానికి తన పేరు చదవడమే రాదే! వచ్చే నెల హైస్కూలుకి పోతుంది. అక్కడ దాని గతేంటి? చదవడం నేర్పడానికే ప్రత్యేకంగా ఒక టీచర్ని పంపమని మూడేళ్లుగా మొత్తుకుంటున్నాను. అక్కడ కూర్చుని ఏం వెలగబెడుతున్నారు మీరంతా?

ఒళ్లు మండిపోతున్న
నీ అక్క

ప్రియమైన అక్కా,

తిట్టు, పడతాను. కానీ న్యాయంగా తిట్టు. చదవలేని పిల్లలున్న బడికే ఆ టీచర్ని ఇస్తాం. మీ బడికి ఐదేళ్లుగా నూటికి నూరు! ఏ మొహం పెట్టుకుని అడగను? మీటింగుల్లో 'మా అక్క బడి' అని గొప్పలు కూడా పోయాను. పేరా మారిస్తే పాత ఫలితాలతో పోల్చడం కుదరదని పైవాళ్ల మొండిపట్టు. అది మా తప్పే. కానీ చదవడం రాని పిల్లకి పేరా మొత్తం బట్టీ పట్టించిన మహాతల్లి ఎవరు? చెప్పు, సంజాయిషీ అడుగుతాను.

నీ చెల్లి

చెల్లీ,

నేనే.

నువ్వు ఉద్యోగంలో చేరిన ఏడాది మీ జాబితాలో మా బడి అట్టడుగున ఉంది. నీకు తలవంపులు తేకూడదని, ఆ ఒక్కసారికే అనుకున్నాను. మరుసటేడు నూరు నుంచి దిగడానికి మనసొప్పలేదు. రోజూ పొద్దున్నే పాటలా చెప్పించాను. అందరికంటే ముందు గువ్వకే వచ్చింది. ఆ కాగితం చూసినప్పుడు నా మీద నాకే అసహ్యం వేసింది. ఆ కోపమంతా నీ మీద వెళ్లగక్కాను.

పేరా మార్చు. మళ్లీ పరీక్ష పెట్టు. నా ఉద్యోగం పోతే పోనీ.

అక్క

అక్కా,

పైవాళ్లతో పోట్లాడి మార్పించాను. నువ్వు సెలవు పెట్టిన రోజు నేనే వచ్చాను. ముప్పై ఇద్దరిలో పంతొమ్మిది మంది చదవలేకపోయారు. నీ సంజాయిషీ నోటీసు నేనే టైపు చేశాను, రేపు అందుతుంది. టీచరు సోమవారం చేరుతుంది. గువ్వ ఇంకో ఏడాది అక్కడే చదువుతుంది.

కొత్త కాగితం చేతికిస్తే అటూ ఇటూ తిప్పి, కోడిపిల్ల పేరా అందుకుంది. ఆపమన్నాను. "పూర్తిగా చెప్తేనే టీచర్ మంచి పిల్లంటుంది" అని ఏడ్చింది. నాకు నిన్ను కొట్టాలనిపించింది. 'చదవడం రాదు' అని రాశాను. నా కాగితం వైపు చూసి, "ఏం రాశారండీ?" అని అడిగింది. కాగితం మడిచి సంచిలో పెట్టేసుకున్నాను.

నోటీసుకి జవాబు తర్వాత రాద్దువుగాని. ముందు వెళ్లి నేనేం రాశానో ఆ పిల్లకి నువ్వే చెప్పు.

చెల్లి